వాల్వు మీద నెపం

ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు, ఒకే రిఫైనరీలో ఇంజనీర్లు. పెద్దకోడలికి ఫర్నేస్ దగ్గర పనిచేసే జుట్టు నెరిసింది. చిన్నకోడలు చేరింది నిన్నగాక మొన్న. ఆ రోజు మీటింగులో చిన్నకోడలు లేచి మాట్లాడుతుంటే, పెద్దామె చూపు బల్ల మీదనుంచి కదల్లేదు.

"ముడిచమురు ఫర్నేస్‌లోకి వెళ్ళేముందు ఎక్స్ఛేంజర్లలో కొంత వేడెక్కాలి కదండీ. వాటి గొట్టాలకి మడ్డి పట్టేసింది. చమురు చాలినంత వేడెక్కకుండా వస్తోంది. దాన్ని కాచడానికి ఫర్నేస్ ఎక్కువ గ్యాసు తింటోంది, చిమ్నీ ఎక్కువ పొగ కక్కుతోంది. ప్లాంటు ఆపేదాకా ఎదురుచూడ్డమెందుకు? చమురుని పక్క పైపులోకి మళ్ళించి, ఎక్స్ఛేంజర్లని ఒక్కొక్కటిగా కడిగేద్దాం."

ఆ గొట్టాల పక్కనుంచి రోజూ నడిచేది తను. ఆలోచన తనకి రానందుకు కాదు, దీనికి వచ్చినందుకు పెద్దకోడలికి ఒళ్ళు మండింది. ఇంట్లో అత్తగారు "మా చిన్నది మహా చురుకు" అని వచ్చినవాళ్ళందరి ముందూ మురిసిపోవడం చాలక, ఇక్కడ కూడానా?

"మీరేమంటారు మేడం?" మేనేజరు అడిగాడు.

"ఎక్స్ఛేంజర్లకి చమురు ఆపే వాల్వులు పాతవండీ. మూసినా సరిగ్గా పట్టకపోతే కడిగేవాళ్ళ మీద వేడి చమురు పడుతుంది."

నోటికొచ్చింది అనేసింది. నిజానికి ఆ వాల్వుల మీద ఆమెకి ఏ అనుమానమూ లేదు. మేనేజరు ఆ ప్రతిపాదనని పక్కన పెట్టేశాడు. చిన్నకోడలి మొహం వాడిపోయింది. అది చూసి పెద్దకోడలికి కడుపు చల్లబడింది.

సాయంత్రం ఇంట్లో పెద్దకోడలు ఆరిన బట్టలు మడతపెడుతుంటే చిన్నకోడలు వచ్చి పక్కన కూర్చుంది.

"ఏ వాల్వక్కా నీ అనుమానం? పరీక్ష చేయిద్దాం. నువ్వు ఊరికే అనవు."

పెద్దకోడలు ఇంకో చీర అందుకుంది. "చూసి చెప్తాలే," అంది.

మర్నాడు ఫిట్టర్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. వాల్వులు బాగానే ఉన్నాయని ఒక మాట చెప్పేసి తప్పించుకుందామని ఆమె ఎత్తు. మొదటి వాల్వు మూస్తే చుక్క రాలలేదు. రెండోదాన్ని ఎంత బిగించినా చమురు సన్నటి ధారగా కింద పెట్టిన డ్రమ్ములోకి కారుతూనే ఉంది.

"తెలీక ఎక్స్ఛేంజరు విప్పుంటే మనుషులు కాలిపోయేవాళ్ళు మేడం," అన్నాడు ఫిట్టరు.

ముందు ఆమెకి కలిగింది సంతోషం. నేనే గెలిచాను అనుకుంది. ఆ వెంటనే తనంటే తనకే రోత పుట్టింది.

మేనేజరు అందరి ముందూ ఆమెని మెచ్చుకున్నాడు. అత్తగారు కూడా "మా పెద్దదాని కళ్ళు కళ్ళు కావు, డేగకళ్ళు" అని పొంగిపోయింది. ఇన్నాళ్ళూ మొహం వాచి ఎదురుచూసిన పొగడ్త చేతికందాక మింగుడు పడలేదు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది చిన్నకోడలే. ఇంత తెల్లటి మనసు దీనికెలా వచ్చిందా అని పెద్దకోడలు దానికీ కుళ్ళుకుంది.

కొత్త వాల్వు వచ్చింది. ఎక్స్ఛేంజర్లన్నీ వరసగా కడిగారు. ఫర్నేస్‌లో మంట తగ్గింది, చిమ్నీ మీద పొగ పలచబడింది. పేరంతా చిన్నకోడలిదే.

ఒకరోజు క్యాంటీన్లో పెద్దకోడలు ఉండబట్టలేక చెప్పేసింది.

"ఆ రోజు నాకు వాల్వు సంగతేమీ తెలీదు. నీ మీద ఏడుపుతో అన్నాను."

చిన్నకోడలు చేతిలోని చెంచా కింద పెట్టింది. "నువ్వు కాదన్నావంటే నా లెక్కలు కూడా తప్పేమోనని అన్నీ మళ్ళీ మొదట్నించీ చేసుకున్నాను. నువ్వంటే నాకంత గురి అక్కా," అంది. తింటున్నది సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయింది.

అప్పట్నించీ ఆఫీసులో అక్క కాస్తా మేడం అయింది. ఇంట్లో పిలుపు మారలేదు గానీ, పక్కన చేరి కబుర్లు చెప్పడం మానేసింది.

కొన్నాళ్ళకి చిన్నకోడలు ఇంకో పథకం తెచ్చింది. ఊరికే మండిపోతున్న వృథా గ్యాసుని పట్టి మళ్ళీ ఫర్నేస్‌కే వాడాలని. మేనేజరు ఈసారీ పెద్దకోడలి వైపే తిరిగాడు. ఆమె కాగితాలు తీసుకెళ్ళి ప్రతి అక్షరం చదివింది. తప్పు దొరికితే బాగుండునని మనసులో ఒక మూల పీకుతూనే ఉంది. దొరకలేదు.

"బాగుంది. చేద్దాం," అంది.

చిన్నకోడలు ఆమె మొహంలోకి ఒకసారి తేరిపార చూసి, కుర్చీ దగ్గరగా జరుపుకుంది.