చూసింది, అనుకున్నది

మా అమ్మమ్మ యర్రమ్మ మాటకు తిరుగులేదని ఆరో తరగతి దాకా నమ్మాను. నమ్మక చేసేదేముంది? పోర్ట్ బ్లెయిర్ బతు బస్తీలో మా ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. నన్ను కన్న కొద్ది రోజులకే మా అమ్మ పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. అమ్మ గురించి నాకు తెలిసినదంతా అమ్మమ్మ నోటి నుంచి విన్నదే.

అమ్మమ్మ పెళ్ళయిన కొత్తలో శ్రీకాకుళం వైపు నుంచి స్టీమరెక్కి ఈ దీవులకు వచ్చింది. సముద్రపు పోటు తగ్గినప్పుడల్లా రాళ్ళ మీదకు పోయి నత్తలు ఏరుకొచ్చి కూర వండేది. ఒడ్డున గుల్ల మోసుకుని కాళ్ళతో గబగబా నడిచే జీవాన్ని చూపించి, "నత్తకి వయసొస్తే కాళ్ళు మొలుస్తాయే. మనకి వయసొస్తే ఉన్న కాళ్ళు పోతాయి. దాని అదృష్టం అది," అనేది.

నా ఆరో తరగతిలోనే మా బడికి జ్ఞానవతి టీచర్ వచ్చింది. డాలీగంజ్ నుంచి సైకిల్ మీద వచ్చేది. మేమంతా దీదీ అని పిలిచేవాళ్ళం. ఆదివారం చర్చిలో తెలుగు పాటలు పాడించే గొంతు కావడంతో, వెనక బెంచీలో నిద్రపోదామన్నా కుదిరేది కాదు. జీవశాస్త్రం మొదటి పాఠం నాడు బోర్డు మీద ఆ గుల్ల జీవాన్నే గీసి, ఇదేమిటని అడిగింది. నేను లేచి అమ్మమ్మ మాట అప్పజెప్పాను. క్లాసంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది నూకయ్య. వాడికి కప్పకూ తొండకూ తేడా తెలియదు, అది వేరే సంగతి.

టీచర్ మాత్రం నవ్వలేదు. "మీ అమ్మమ్మ ఏం చూసిందో అడిగావా?" అంది.

"చూసిందంట దీదీ. అంచు విరిగిన గుల్ల ఒకటి. అందులో ముందు నత్త ఉండేదంట. తర్వాత్తర్వాత అదే గుల్ల కాళ్ళతో నడిచిందంట."

టీచర్ బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసింది. ఒకవైపు 'చూసింది' అనీ, ఇంకోవైపు 'అనుకున్నది' అనీ రాసింది. అదే గుల్లలో ముందు నత్త, తర్వాత కాళ్ళ జీవం: ఇది చూసింది వైపు వెళ్ళింది. నత్తకే కాళ్ళొచ్చాయన్నది అనుకున్నది వైపు వెళ్ళింది.

"పుస్తకంలో ఏముందంటే, అది పీత. నత్త చచ్చాక ఖాళీ అయిన గుల్లలో దూరుతుంది. కానీ దూరుతుంటే నేనూ ఎప్పుడూ చూడలేదు," అని ఆ మాట కూడా అనుకున్నది కిందే రాసింది. "నత్తకే కాళ్ళొస్తే గుల్ల దాని ఒంట్లో భాగం. దాన్ని వదిలి రావడం కుదరదు. పీత అద్దెకున్నదైతే, పెద్ద ఇల్లు కనబడితే మారుతుంది. శనివారం పొద్దున పోయి చూద్దాం. మీ అమ్మమ్మని కూడా తీసుకురా చిన్నమ్మీ."

ఇంటికి వెళ్ళేదాకా నాకు ఒకటే ఆలోచన. నత్త ఏమైతే నాకెందుకు? అమ్మమ్మ ఇది తప్పు చెప్పిందంటే, అమ్మ గురించి చెప్పినవో? అమ్మ నవ్వూ, అమ్మ జడా, పోయేముందు నన్ను పట్టుకోవడమూ, అవన్నీ ఏమవుతాయి? పీత గుల్ల వదలకూడదని ఆ రాత్రి దేవుడికి దండం పెట్టుకున్నాను.

విషయం విని అమ్మమ్మ భగ్గుమంది. "నాను ఝూట్ సెప్పినానా? మీ టీచరమ్మ ఎంత, దాని వయసెంత? పద, నానూ వత్తాను." తన వంటింట్లోని పెద్ద నత్తగుల్ల ఒకటి కొంగున ముడేసుకుని మరీ బయల్దేరింది.

శనివారం నాటికి వాన వెలిసింది. ఒడ్డున మొగలి పొదల కింద తడి ఇసుకలో టీచర్ ఆ గుల్ల పెట్టి, కాస్త దూరంగా మమ్మల్ని కదలకుండా కూర్చోబెట్టింది. నూకయ్యను కదలకుండా కూర్చోబెట్టడమే ఆ రోజు జరిగిన మొదటి అద్భుతం.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత పిడికెడంత పీత ఒకటి వచ్చింది. గుల్ల చుట్టూ తిరిగి, దాని మూతిలోకి కాలు పెట్టి లోపల తడిమింది. ఎందుకో ఆగింది. ఇంకొకటి వచ్చి దాని వెనక చేరింది. తర్వాత దానికంటే చిన్నది. ఆకుల కింద నుంచి, వేర్ల సందుల్లో నుంచి వస్తూనే ఉన్నాయి. ఎవరు చెప్పారో, పెద్దది ముందు, చిన్నది వెనక, ఒకదాన్నొకటి పట్టుకుని వరసలో నిలబడ్డాయి. రేషన్ షాపు దగ్గర మా బస్తీ వాళ్ళు ఏనాడూ అంత బుద్ధిగా నిలబడలేదు.

ముందున్నది గుల్లలోంచి బయటికొచ్చింది. దాని ఒళ్ళు నేను అప్పుడే మొదటిసారి చూడడం. ముందు భాగమంతా గట్టి డిప్ప, వెనకంతా మెత్తగా, పాలిపోయి, వంకర తిరిగిన పొట్ట. రెప్పపాటులో అది కొత్త గుల్లలో దూరింది. అది వదిలినదానిలోకి రెండోది, రెండోది వదిలినదానిలోకి మూడోది. టకటకా గుల్లలు తగిలిన చప్పుడు చివరిదాకా పాకింది. ఆఖరికి ఇసుక మీద బఠాణీ అంత గుల్ల ఒక్కటే ఖాళీగా మిగిలింది.

రోజూ కాలితో తన్నుకుంటూ పోయే ఒడ్డు ఇది. మా కాళ్ళ కింద ఇంత సంసారం నడుస్తోందని ఒక్కరికీ తెలియదు. భయమూ సంతోషమూ కలిసి నాకు ఒళ్ళు జలదరించింది. టీచర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పుస్తకంలో ఇంత లేదు," అంది మెల్లగా.

అమ్మమ్మ మాత్రం ఇసుకనే చూస్తోంది. "నడుమ ఏటి జరిగిందో నాను సూల్లేదు," అంది. "ముందు సూసాను, ఎనక సూసాను. నడుమది నానే కల్పించుకున్నాను."

ఇంటికొచ్చే దారిలో నేను ఆగి అడిగాను. "మరి అమ్మ గురించి చెప్పినవో?"

అమ్మమ్మ నా ముఖం చూసింది. రోడ్డు పక్క పడున్న దుంగ మీద కూలబడింది.

"నిన్ను పక్కన పడుకోబెట్టమంది. అది యిన్నాను. నీ యేలు పట్టుకుంది. అది సూసాను." కొంగుతో ముఖం తుడుచుకుంది. "బెంగ లేకండా నవ్వుతా పోయిందని సెప్పీదాన్ని కదా. అది నాననుకున్నదే చిన్నమ్మీ. అలా అనుకోపోతే నాను బతకలేను."

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నా రెండు చేతులూ ఆవిడ ముందు చాపాను.

"ఏ వేలు?"

ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కో వేలూ నిమిరింది. మొన్నటిదాకా అయితే వెంటనే ఏదో ఒకటి చూపించేసేది.

"గురుతు లేదమ్మా," అంది.