కల్వర్టు కింద అట్టపెట్టె

నక్సలైట్లు మందుపాతర్లు పెట్టే చర్ల రోడ్డు మీద ఎవరిదో తెలియని అట్టపెట్టె కనిపిస్తే బస్సు ఆగాల్సిందే. 2009 ఏప్రిల్ నెలలో ఓ ఉదయం అలాగే ఆగింది. కల్వర్టు గోడ కింద, రాళ్ల మధ్య పెట్టె. పోలీసులు అడ్డంగా తాడు కట్టారు. భద్రాచలం నుంచి బాంబు స్క్వాడ్ బయలుదేరింది.

టాపు మీద సరుకేసుకుని ఖమ్మం నుంచి వస్తున్న మజహర్ దిగి, బస్సు నీడలో కూలబడ్డాడు. చర్లలో అతనిది వంటసామాన్ల దుకాణం. భార్య షహజాది పోయి రెండేళ్లు. ఇంట్లో పలకరించే మనిషి లేడు. అడవి లోపలి ఊరి బడిలో పాఠాలు చెప్పే సతీష్ సారు మాత్రం రోజూ సాయంత్రం వచ్చి, స్టూలు మీద కూర్చుని, గంటసేపు ఏదో ఒకటి వాదించి పోయేవాడు. ఆ గంట కోసమే మజహర్ దుకాణం మూయలేదు. నెల రోజులుగా ఆ స్టూలు ఖాళీ.

"ఏం భాయ్, నీ మూటలు పెట్టే జాగలనే పెట్టిండ్రు!" అన్నాడు డ్రైవరు రమణ.

"నా మూటకు ఎన్నడన్న తాడు కట్టిండ్రా? అడ్డాకు కట్టు చూస్తే అది నా మూటేనని పసిపోరడు గుడ చెప్తడు."

నిజమే. లోపలి ఊళ్లవాళ్లు సంతలో చెప్పిపోయిన లాంతరు గ్లాసులూ గరిటెలూ మజహర్ వారానికొకసారి ఒకే లోడులో తెచ్చి, విస్తర్లు కుట్టే అడ్డాకుల్లో చుట్టి, నారతో కట్టి, ఇక్కడ దింపించేవాడు. అక్కడి నుంచి అడవి బాటే. ఎవరిది వాళ్లు నడిచొచ్చి పట్టుకుపోయేవాళ్లు. ఇరవై ఏళ్లలో ఒక్క మూట పోలేదు. విప్పిన ఆకు అక్కడే మట్టిలో కలిసిపోయేది.

మధ్యాహ్నానికి స్క్వాడ్ వచ్చింది. కొక్కెం తగిలించి దూరం నుంచి లాగారు. పెట్టె పగిలింది. సామాను కదలకుండా కుక్కిన, గాలి నింపిన ప్లాస్టిక్ సంచులు బుడగల్లా ఎగిరి వాగులో పడ్డాయి. లోపల ఇంకో పెట్టె. దాన్లో ఒక కుక్కర్ రబ్బరు.

పెట్టె మీది కొరియర్ చీటీ చూసి రమణ పకపకా నవ్వాడు. "గింత రబ్బరుకు హైదరాబాదు నుంచి లారీ, ఖమ్మం నుంచి జీపు, ఇప్పుడు బాంబు బండి! డీజిలు పోసి ఉడకబెట్టుకుంటుండ్రా ఏంది అన్నం?"

మజహర్ నవ్వలేదు. అలాంటి రబ్బర్లు అతని దుకాణంలో మేకుకు డజను వేలాడుతున్నాయి.

పెట్టె మీది పేరు సతీష్‌ది. కబురందుకుని బడి నుంచి పరుగెత్తుకొచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికంటుకుంది.

"భద్రాచలం ఇంటర్నెట్ సెంటర్ల కుక్కర్ బుక్ చేసిన సార్. రబ్బరు లేకుంట వచ్చింది. గదే మళ్ల పంపిండ్రు. లోపలికి రానీకి భయపడి కొరియర్ జీపాయన ఈడ పెట్టిపోయిండట."

"ఈడ పెట్టాలని వానికెట్ల తెల్సు? నువ్వు చెప్పినవా? జీపెక్కు, క్యాంపుల మాట్లాడుదం," అన్నాడు ఎస్సై.

సతీష్ మజహర్ వైపు చూశాడు. "నీ దుకాణంల కొనకుంట బయట కొన్న గద, చర్లకు తెప్పిస్తే నువ్వు చూస్తవని బడికి తెప్పించిన చాచా. కుక్కర్ వచ్చిన కాడికెల్లి నీ మొహం చూడలేకపోయిన."

రబ్బరు అడగలేక నెల రోజులు ఆ కుక్కర్ మూలన పెట్టుకున్నాడన్నమాట! మజహర్ లేచి తాడు దాటాడు.

"సార్ తప్పు లేదు సాబ్. ఈడ సామాను పెట్టుడు నేను మొదలుపెట్టిన. జీపాయన నా మూటలు చూసి నేర్చుకున్నట్టున్నడు."

ఎస్సై తేరిపార చూశాడు. "అయితే ఇయ్యాల్టి నుంచి ఆకు మూట గుడ ఉండొద్దు. కనిపిస్తే నిన్ను లోపలేస్త."

మూట లేకపోతే బేరమే లేదు. ఆ సంగతి మజహర్‌కు తెలుసు. "అవ్ సాబ్," అన్నాడు.

సతీష్‌ను వదిలేశారు. "సాయంత్రం వస్త చాచా," అన్నాడు తల వంచుకునే.

మజహర్ స్టూలు తుడిచాడు. మేకు నుంచి ఒక రబ్బరు తీసి దాని మీద పెట్టాడు, నవ్విద్దామని. సతీష్ రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ వారం మూటల్లేవు గనక లోపలి ఊళ్ల నుంచీ ఎవరూ రాలేదు.

జూన్‌లో దుకాణం మూసేసి, మిగిలిన సరుకు ఖమ్మం వ్యాపారికి తిరిగి ఇచ్చేయడానికి బస్సెక్కాడు. కల్వర్టు దగ్గర బస్సు నెమ్మదించింది. తొలి వానలకు వాగు పారుతోంది. రాళ్ల సందుల్లో గాలి సంచులు ఇంకా తెల్లగా ఉబ్బి ఊగుతున్నాయి. ఇరవై ఏళ్ల అడ్డాకుల్లో ఒక్కటీ కనిపించలేదు.