ఎయిర్‌పోర్టు నుంచి ఇంటి దాకా

ఆ కుళాయి చెయ్యి పెడితేనే వస్తుంది, తీస్తే ఆగిపోతుంది. పాపని చంకనేసుకుని, మిగిలిన ఒక్క చేత్తో పాలసీసా కడగాలంటే దాన్ని బతిమాలుకోవాలి. ఎయిర్‌పోర్టు ఆడవాళ్ళ గదిలో ఆమె ఆ తంటాలు పడుతుండగా అత్తగారు ఫోను పట్టుకుని లోపలికొచ్చారు. లైన్లో ఉన్నది కొడుకు. వాళ్ళని తీసుకెళ్ళడానికి రావాల్సినవాడు. షిఫ్టులో తన బదులు దిగాల్సిన మనిషి రాలేదట, సాయంత్రం దాకా కదిలే వీల్లేదట.

"బయట కుర్చీలుంటాయి, అక్కడే కూర్చోండి. ఎక్కడికీ కదలొద్దు. నేనొచ్చి తీసుకెళ్తా."

"మధ్యాహ్నం ఆసుపత్రి కదండీ," అంది ఆమె.

"మళ్ళీ ఇంకో రోజు తీసుకుందాంలే. ఆసుపత్రి ఎక్కడికి పారిపోతుంది?"

ఆమె "ఊఁ" అంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె జవాబులన్నీ ఆ ఒక్క అక్షరంలోనే సర్దుకుంటూ వచ్చాయి. సీసా మూత బిగించి సంచీలో పెట్టుకుంది.

ఆసుపత్రి పారిపోదు నిజమే. పాప పెరిగిపోతోంది. ఒకరోజు వంటింట్లో స్టీలు మూత జారి నేలమీద గంటలా మోగింది. కిటికీలో పిల్లి గోడ దూకింది, పక్కింటావిడ ఏమైందని కేకేసింది, చాపమీద పాప మాత్రం తల తిప్పకుండా బొటనవేలు చీకుతూ కూర్చుంది. ఆరోజు నుంచీ ఆమె దొంగచాటుగా పాప వెనక చప్పట్లు కొడుతోంది, గరిటెతో పళ్ళేలు వాయిస్తోంది. భర్తకి చెబితే, లేనిపోనివి ఊహించుకోవడం తప్ప నీకు వేరే పని లేదా అన్నాడు. అత్తగారికి చెబితే, మావాడు మాత్రం? వాడికీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి అన్నారు. మామగారు పేపరు దించనే లేదు. చివరికి డాబా మీద బట్టలారేస్తూ తనే ఆసుపత్రికి ఫోన్ చేసింది. పదో తరగతి మధ్యలో సంబంధం వచ్చిందని చదువు మానిపించిన మనిషి, అవతలి వాళ్ళు అడిగినవాటికి తడబడుతూ జవాబులు చెప్పి, చెవుల పరీక్షకి రోజు ఖాయం చేయించుకుంది. ఆ రోజు కోసం ఒక వానాకాలమంతా ఎదురుచూసింది. పిల్ల ఎంత చిన్నగా ఉంటే అంత మంచిదని ఫోనులో అమ్మాయి చెప్పిన మాట ఆమెని నిద్రపోనివ్వలేదు. భర్త ఉద్యోగం ఈ నగరంలోనే కాబట్టి, కాపురానికి రావడం, పరీక్ష, రెండూ కలిసొస్తాయనుకుంది. మామగారు ఊళ్ళోనే ఉండిపోయారు, తోడుగా అత్తగారు వచ్చారు.

"వెళ్దాం అత్తయ్యా," అంది.

"కదలొద్దన్నాడు కదే. అయినా దారెవరికి తెలుసు?"

"ఇక్కడే కూర్చుంటే పాప పరీక్ష పోతుంది."

అత్తగారు పాప మొహం చూసి, ట్రాలీ అందుకున్నారు.

ఆ ఇంట్లో నడకకి ఒక పద్ధతుంది. మగవాళ్ళు ముందు, సామాను మధ్యలో, ఆడవాళ్ళు వెనక. పెళ్ళికెళ్ళినా, సినిమాకెళ్ళినా అంతే. అందుకే ఆమెకి ఏ దారీ తెలియదు. మామగారి మెడమీద పుట్టుమచ్చ తెలుసు, భర్త చొక్కా కాలరు ఎక్కడ అరిగిందో తెలుసు. ఆ అలవాటు ఎంతలా ఎముకల్లో పట్టిందంటే, తలుపులు దాటగానే ఎదురుగా ఇస్త్రీ చొక్కా వేసుకుని, ట్రాలీ తోసుకుంటూ ధీమాగా పోతున్న ఒక పెద్దమనిషి వెనక ఇద్దరూ నడవడం మొదలుపెట్టారు. ఆయన లిఫ్టెక్కితే వీళ్ళూ ఎక్కారు. ఆయన మలుపు తిరిగితే వీళ్ళూ తిరిగారు. అత్తయ్యకి తెలిసే వెళ్తున్నారని ఆమె, కోడలికి తెలిసే వెళ్తోందని అత్తగారు. ఆయన ఒక కారు దగ్గర ఆగి, డిక్కీ తెరిచి, వెనక్కి తిరిగి చూసి అదిరిపోయాడు.

"ఎవరమ్మా మీరు? నా వెనకే వస్తున్నారు?"

ఆమె అత్తగారి వైపు చూసింది. అత్తగారే గొంతు సవరించుకుని, "మీరు ముందు నడుస్తుంటేనూ..." అన్నారు.

ఆయన నవ్వాపుకున్నాడు. తను అసలు నగరంలోకే వెళ్ళడం లేదని, బళ్ళన్నీ కింది అంతస్తులో దొరుకుతాయని చెప్పి వెళ్ళిపోయాడు. ఆమెకి చెవులు వేడెక్కిపోయాయి. కార్ల మధ్య నిలబడి ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ముందు అత్తగారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని ఆమె హడలిపోయింది. చూస్తే నవ్వు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగని నవ్వు. "ఆయన గనక ఏ మగవాళ్ళ గదికో పోయుంటేనే?" అన్నారు ఊపిరందక. ఆ ఇంటికి కోడలై వచ్చాక అత్తగారు అలా నవ్వడం ఆమె చూడనే లేదు.

కిందికి వచ్చేటప్పుడు ముందు ఎవరూ లేరు. ఆమె బోర్డులు చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, పెదవులు కదుపుతూ, ఎవరైనా చూస్తే చూడనీ అనుకుంటూ. టాక్సీల వాళ్ళు చుట్టుముట్టారు. సారు ఎక్కడమ్మా, సారు వస్తారా అని అందరిదీ ఒకటే ప్రశ్న. అద్దాలు మూసిన కారెక్కితే పాప పాలన్నీ కక్కేస్తుంది. కక్కిన పిల్ల నీరసపడితే పరీక్ష చెయ్యరేమో. ఆమె వాళ్ళని దాటుకుని సమాచారం చెప్పే కౌంటరు దగ్గరికి వెళ్ళింది.

"సిటీకి రైలే ఫాస్టండీ, అందరూ రైలుకే వెళ్తారు," అంది అక్కడి అమ్మాయి తలెత్తకుండా.

"మధ్యలో మారాలా? మెట్లుంటాయా? పాపకి పాలివ్వడానికి కూర్చునే చోటుంటుందా?"

అప్పుడు ఆ అమ్మాయి తలెత్తింది. పాపని చూసింది, అత్తగారు మోకాలు పట్టుకుని నిలబడ్డ తీరు చూసింది. ఎక్కడికెళ్ళాలని అడిగి తెలుసుకుంది. రైలైతే మధ్యలో మారాలి, అక్కడ లిఫ్టు పాడైంది, మెట్లెక్కాల్సిందే. బస్సు నెమ్మది, కానీ మెట్టు ఎత్తుండదు, ఆసుపత్రి గేటు ముందే ఆగుతుంది. ట్రాఫిక్ ఉంటే మాత్రం చెప్పలేనంది.

తప్పయితే? ఆలస్యమైతే? నీకేం తెలుసని బయల్దేరావు అన్న మాట భర్త నోట్లోంచి రాకముందే చెవుల్లో వినిపించింది. కానీ ఒకే పొయ్యి మీద పాపకి పాలు, మామగారి స్నానానికి నీళ్ళు, అందరికీ వంట, ఏది ముందో ఏది తర్వాతో రోజూ తేల్చుకునే మనిషి ఆమె. అది కూడా నిర్ణయమేనని ఎవరూ అనలేదు, అంతే.

"బస్సుకే వెళ్దాం," అంది.

బస్సులో అత్తగారికి కిటికీ పక్క సీటిచ్చింది. పాపకి కొంగు చాటున పాలిచ్చింది. నగరం మొదలవుతూనే బస్సు నత్తలా పాకింది. ఒక సిగ్నలు దగ్గర పాపని అత్తగారి ఒళ్ళో వేసి, ఆమె ముందుకి వంగి రోడ్డు చూస్తోంది. పక్కన చిన్న చప్పుడు. అత్తగారు పాప తల వెనక చిటిక వేశారు. పాప కిటికీ గాజుమీద వేళ్ళు ఆడిస్తూనే ఉంది. ఈసారి గట్టిగా చప్పట్లు కొట్టారు. ముందు సీట్లలో వాళ్ళందరూ తిరిగి చూశారు. పాప తిరగలేదు.

అత్తగారు పాపని ఆమెకి అందించి, కమ్మీలు పట్టుకుని కుంటుకుంటూ డ్రైవరు దాకా వెళ్ళారు. "బాబూ, కాస్త తొందరగా పోనివ్వు. పిల్లని చూపించాలి."

ఆసుపత్రిలో ఆ రోజుకి చివరి పేరు పాపదే. మెత్తటి గోడలున్న గదిలో తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి రకరకాల చప్పుళ్ళు వినిపించారు. చాలా వాటికి పాప కదల్లేదు. ఎక్కడో డప్పు మోగినట్టు ఒక బరువైన శబ్దం వచ్చినప్పుడు మాత్రం కనురెప్పలు ఆగాయి. తల మెల్లగా, ఎవరో పిలిచినట్టు, పక్కకి తిరిగింది.

"కొంత వినిపిస్తోంది," అంది డాక్టరమ్మ. "చెవులకి మిషన్లు పెడదాం, మాట నేర్పిద్దాం. టైముకి తెచ్చారు. ఎవరు కనిపెట్టారు?"

"మా కోడలు," అన్నారు అత్తగారు తలుపు దగ్గర్నుంచి.

బయట బెంచీ మీద కూర్చున్నాక ఫోను మోగింది. ఈసారి అత్తగారు దాన్ని తియ్యకుండా కోడలి చేతిలో పెట్టారు. భర్త ఎయిర్‌పోర్టులో ఉన్నాడు. కుర్చీలన్నీ వెతికాడట. ఎక్కడున్నారు, ఎవరు తీసుకెళ్ళారు, బుద్ధుందా అని ఒక్క గుక్కలో అడిగాడు. ఆమె అంతా విని, పాప సంగతి చెప్పింది. ఆయన గొంతు తగ్గించి, "సరే. అక్కడే ఉండండి. కదలొద్దు. వస్తున్నా," అన్నాడు.

ఆయన అద్దెకి తీసుకున్న ఇంట్లో వంటగది ఎటుందో, కుళాయి ఏ వేళకి వస్తుందో, బట్టలు ఎక్కడారెయ్యాలో అన్నీ ఆమెకి ముందే చెప్పారు. ఏ వీధో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె పాపని భుజం మార్చుకుంది.

"రావద్దండీ. మీరు ఇంటికి వెళ్ళండి, మేం వస్తాం. మనిల్లు ఎక్కడుందో చెప్పండి."