కటింగ్ బల్ల ఎవరిది

మా తోడికోడలికి చూపు తిరిగొచ్చిందని ఇల్లంతా సంబరపడుతుంటే నా కడుపు మండిపోయింది. దాచుకోవడమెందుకు, మండింది.

కుట్టు దుకాణం మా ఇద్దరిదీ. బట్ట కత్తిరించేది అక్క, మిషను తొక్కేది నేను. పేరంతా కత్తిరించేవాళ్ళకే. ఎదురుగా నేను కూర్చుని ఉన్నా సరే, వచ్చినవాళ్ళు "పెద్దావిడ లేరా?" అని అడిగేవారు. అలాంటిది, ఆమె కళ్ళకు శుక్లాలు కమ్మి సుద్దగీత కనబడక తడుముకునేసరికి కత్తెర నా చేతికొచ్చింది. కటింగ్ బల్ల దగ్గర నిలబడిన మొదటి రోజు నాకు ఆనందంతో అన్నం సహించలేదు.

ఆపరేషన్ చేయించుకుంటానని అక్క అన్నప్పుడల్లా నేనే ఆపాను. "తొందరెందుకక్కా, శుక్లం బాగా ముదరాలి, అప్పుడే తీస్తారు" అన్నాను. అందరూ అనే మాటే, నేను కల్పించిందేం కాదు. అలా రెండేళ్ళు గడిచాయి. చివరికి మా బావగారు ఓ పొద్దున ఆవిణ్ణి తీసుకెళ్ళి సాయంత్రానికల్లా తీసుకొచ్చేశారు. మసకబారిన కటకం తీసేసి కొత్తది పెట్టారట. అంతే!

రెండో కంటి ఆపరేషన్ కూడా అయ్యాక అక్క దుకాణానికొచ్చింది. వస్తూనే నేను కత్తిరించిన చొక్కాలు ఎత్తి చూసింది.

"ఏమే, ఎడమవైపు కోతలన్నీ గీత దాటి పోయాయేంటి?"

"కొత్త కళ్ళు కదా, నీకన్నీ వంకరగానే కనబడతాయి."

ఆమె నవ్వలేదు. "మొన్న తలుపు గుద్దుకున్నావు. నిన్న పక్కన పెట్టిన గ్లాసు తన్నేశావు. ఒకసారి కళ్ళు చూపించుకో."

నాకు అర్థమైపోయింది. మహాతల్లికి బల్ల కావాలి! సరే పద, నా కళ్ళెలాంటివో నీ డాక్టరు చేతే చెప్పిస్తానని ఆవిణ్ణి వెంటబెట్టుకునే వెళ్ళాను.

గోడ మీది అక్షరాలు చివరి వరస దాకా గడగడా చదివేశాను. అక్క వైపు ఓ చూపు చూశాను కూడా. ఆ తర్వాత కంటిలో ఒత్తిడి కొలిచి, చీకటి గదిలో ఓ యంత్రం ముందు కూర్చోబెట్టి చేతికి మీట ఇచ్చారు. "మధ్యలోకే చూడండి. ఎక్కడైనా వెలుగు చుక్క కనబడితే నొక్కండి, లేకపోతే ఊరుకోండి" అన్నాడు అక్కడి అబ్బాయి. ఊరుకుంటానా? అవతల అక్క బెంచీ మీద కూర్చునుంది. కనబడ్డా కనబడకపోయినా టకటకా నొక్కుతూనే ఉన్నాను.

"అమ్మా, చుక్క వెయ్యకముందే నొక్కేస్తున్నారు. ఇలాగైతే లెక్కలోకి రాదు. మళ్ళీ మొదట్నించీ చేద్దాం."

సిగ్గేసి ఈసారి బుద్ధిగా కూర్చున్నాను. కనబడితేనే నొక్కాను. మధ్యలో చాలాసేపు నొక్కాల్సిన పని రాలేదు.

"బాబూ, మిషను ఆగిపోయినట్టుంది."

"లేదమ్మా, నడుస్తోంది."



"నీటికాసులు" అంది డాక్టరమ్మ. "కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది. రెండు కళ్ళలోనూ ఉంది, ఎడమ కంట్లో మరీ ఎక్కువ. నొప్పి ఉండదు, అక్షరాలు కనబడుతూనే ఉంటాయి. చూపు పక్కల నుంచి పోతూ వస్తుంది. అందుకే మీకు తెలియలేదు."

"అయితే ఆపరేషన్ చేసెయ్యండి. మా అక్కకి చేసినట్టే."

"శుక్లం తీస్తే చూపొస్తుందమ్మా. ఇందులో పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబడాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలి. బాగానే ఉంది కదా అని మానేశారో, అదీ పోతుంది. మీ తోబుట్టువులకూ పరీక్ష చేయించండి, ఇది కుటుంబాల్లో వస్తుంది." కాగితం మీదనుంచి తలెత్తి అక్క వైపు చూసింది. "రెండేళ్ళ క్రితమే మీరు వచ్చి, వెంట ఈవిడ కూడా చూపించుకుని ఉంటే అప్పుడే పట్టుకునేవాళ్ళం. అసలు మీరెందుకంత ఆలస్యం చేశారు? శుక్లం ముదిరేదాకా ఆగక్కర్లేదని ఎవరూ చెప్పలేదా?"



"నాకే భయమండీ" అంది అక్క. "కత్తెర పట్టేదాన్నే గానీ, కత్తంటే భయం."

డాక్టరమ్మ నవ్వేసింది. నాకు మాత్రం ఒళ్ళు భగ్గుమంది. కళ్ళూ ఆవిడకే, బల్లా ఆవిడకే, చివరికి మంచితనం కూడా ఆవిడకేనా!

దుకాణానికి తిరిగొచ్చాక అక్క నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, చేతులు కడుక్కుని చుక్కల సీసా మూత తీసింది. ఇక నాకు ఆగలేదు.

"నన్నో మాట అనొచ్చుగా అక్కా! నిన్నాపింది నేనేనని నీకు తెలుసు. బల్ల కోసమే ఆపానని కూడా తెలుసు."

"తెలుసు."

"మరి నీకు కోపం లేదా?"

"ఎందుకు లేదూ, బోలెడుంది" అంటూ నా కింది రెప్ప వేలితో లాగి పట్టుకుంది. "ఏడవకే, మందంతా కారిపోతుంది. కన్ను తెరు."