మూడో గూట్లో కుందేలు

మా ల్యాబులో కుందేళ్ళ గది చూసుకునేది నేనే. డాక్టరమ్మ ఆరు నెలలుగా రెండు తెల్ల కుందేళ్ళకు ఒకే రకం ఇంజెక్షను ఇస్తోంది. మనిషి మెదడులో నొప్పి కబురు మోసే చిన్న ప్రోటీను ముక్క ఒకటుందట, ఇంజెక్షనులో ఉండేది అదే. దాన్ని ఆనవాలు పట్టే యాంటీబాడీ కుందేలు నెత్తుట్లో తయారు కావాలి. తయారైతే, ఆ నెత్తుటి తేటను పల్చటి మెదడు ముక్క మీద వేసి రంగు పట్టిస్తే, ప్రోటీను ఉన్నచోటల్లా గోధుమరంగు చుక్కలు తేలతాయి.

పోయిన నెల తీసిన నెత్తుట్లో రెండో గూటిదానికి చుక్కలు తేలాయి. మూడోదానికి ఏమీ లేదు. డాక్టరమ్మ రెండోదానికి ఆఖరి ఇంజెక్షను ఇచ్చేసింది. మూడోదాన్ని రేపు మత్తిచ్చి చంపేయమని చీటీ రాసింది.

చీటీ చూడగానే నేను చేసిన పని గుర్తొచ్చింది. పోయిన నెల నెత్తురు తీసిన మర్నాడు, ఏసీ గాలి సూటిగా కొట్టి రెండో గూటిది తుమ్ముతోందని, రెండింటినీ అటుదిటు, ఇటుదటు మార్చాను. ఏ కుందేలు ఏదో చెప్పే కార్డులు మాత్రం పాత గూళ్ళకే ఉండిపోయాయి. రిజిస్టర్లో రాయలేదు.

చెవుల మీద సిరా గుర్తులు చెరిగిపోయాయి గానీ, నాకు గుర్తులతో పని లేదు. తుమ్మినది నీళ్ళు తాగేటప్పుడు తల ఎడమకు వాలుస్తుంది. చుక్కలు తేలింది దాని నెత్తుట్లోనే, ఇప్పుడు మూడో గూట్లో ఉన్నది అదే.

మళ్ళీ మార్చేస్తే ఎవరి కంటా పడదు. గూటి గడియ తీశాను కూడా. కానీ ఆఖరి ఇంజెక్షను పడ్డది దీనికి కాదు. గడియ వేసి పైకి వెళ్ళి, జరిగింది చెప్పాను.

డాక్టరమ్మ పెన్నుకు మూత పెట్టింది.

"ఊరుకుంటే నాకేం తెలిసేది బాబాయ్?"

"ఆఖరి ఇంజెక్షను పడక చుక్కలు పల్చగా వచ్చేవమ్మా. మీరు మీ చేతినే తిట్టుకునేవారు."

చీటీ చించేసింది. రెండింటి చెవుల నుంచీ కాస్త కాస్త నెత్తురు తీసుకుంది. మూడోరోజు నన్ను పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ఇన్నేళ్ళలో అందులో చూడమని నాతో ఎవరూ అనలేదు. ఆవాలు ఒలికినట్టు గోధుమ చుక్కలు. తల వాల్చేదాని నెత్తురే.

ఆఖరి ఇంజెక్షను ఈసారి దానికి ఇచ్చింది. పని రెండు వారాలు వెనకబడింది. ఇప్పుడు రెండో గూట్లో ఉన్నదాని సంగతి అడగలేక గుమ్మంలో నిలబడ్డాను.

"దాన్నీ ఉంచు. చుక్కలు రానిది పక్కన పెట్టి చూపిస్తేనే వచ్చినవాటిని నమ్ముతారు," అంది. "ఆ ఏసీకి అట్టముక్క అడ్డం కట్టు. ఈసారి ఏది తుమ్మినా ముందు నాకు చెప్పు."

అట్ట కట్టాను. కట్టినట్టు రిజిస్టర్లో రాశాను.