రాళ్లు తీసిన జాగా

స్కూలు గోడ వారన జాగా పోతోందన్న మాట దాలమ్మ చెవిలో వేసింది పక్కింటి జగ్గమ్మ. జగ్గమ్మకు ఆమె తోటికోడలు చెప్పింది. తోటికోడలికి స్కూల్లో గదులు ఊడ్చే మనిషి చెప్పింది. కూరల బజారుని కార్లు పెట్టుకునే జాగా కింద రాసేశారట, మునిసిపాలిటీవాళ్లు రంగు డబ్బాలు కూడా తెచ్చేశారట, సోమవారం గీతలు గీస్తారట.

"నువ్వు ఇన్నదాన్లో సగం అబద్ధమే ఉంటాది" అంది దాలమ్మ, వంకాయల మీద నీళ్లు చల్లుతూ.

"మిగతా సగం సాలదేటి, వదినా" అంది జగ్గమ్మ.

చాలింది. సోమవారం పసుపు గీత గీశారు. అది దాలమ్మ రాయి మీంచే పోయింది.

ఆ బజారుకి ఒక కట్టుబాటు ఉంది. రామతీర్థం వైపు ఊళ్ల నుంచి మొదటి ఆటోలో కూరలు తెచ్చే ఆడవాళ్ల దగ్గర పట్టా లేదు, రసీదు లేదు. ఎవరి రాయి ఎక్కడుంటే అది వాళ్ల చోటు. పొద్దున రాయి పక్కన గోనె పరుస్తారు, సాయంత్రం గోనె చుట్టుకుని పోతారు, రాయి అక్కడే ఉంటుంది. మనిషి పురిటికి పోయినా, జ్వరమొచ్చి పడినా, ఆ రాయిని ఇంకొకరు కదపరు. దాలమ్మ రాయి ఆమె అత్తది. అత్త ఇచ్చిన ఆస్తి అదొక్కటే. అది పోతే కౌలు చేలో కాసిన వంకాయలు దళారీ చెప్పిన రేటుకి వాడి మొహాన పోసి, మొగుడితో ఇటుకబట్టీకి మూట కట్టాలి. ఆ వీధిలో అలా వెళ్లిన ఇళ్లకు తాళాలు తుప్పు పట్టి ఉన్నాయి.

స్కూలు ఈ బజారు తర్వాత లేచింది. స్కూలు కట్టేవాడు కార్లు, బళ్లు ఆపుకునే జాగా తన ఆవరణలోనే చూపాలని రూలు. కరస్పాండెంటు రమేష్‌బాబు చూపాడు కూడా, భవనం కింద సెల్లారు. అనుమతి చేతికొచ్చాక ఆ సెల్లార్లో బెంచీలు వేసి క్లాసులు పెట్టాడు. ఫీజు కట్టే పిల్లలు పట్టే చోట కార్లు పెట్టడానికి మనసెలా ఒప్పుతుంది? కార్లు రోడ్డు మీద ఆగాయి. రోడ్డు నిండిపోయింది. సెల్లారు ఖాళీ చేయించాల్సిన అధికార్లు, గోడ వారన జాగా ఖాళీగా ఉందని తేల్చారు.

ఎలా తేల్చారంటే, అది ఆడవాళ్లు చేజేతులా చేసుకున్నదే. వార్షికోత్సవం ముందు రమేష్‌బాబు తనే వచ్చి, "అమ్మా, రేపొక్కరోజు బుట్టలు తియ్యండి" అని దణ్ణం పెట్టాడు. అంతటి మనిషి దణ్ణం పెట్టేసరికి పొంగిపోయారు. బుట్టలతో పాటు రాళ్లు కూడా తీసి దూరంగా పేర్చారు. జాగా ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గులు పెట్టారు. అప్పుడే మునిసిపాలిటీ మనిషి వచ్చి ఫోటోలు తీసుకుపోయాడు. ముగ్గులు బాగున్నాయని తీస్తున్నాడనుకున్నారు. ఉత్సవం అయ్యాక ఎవరి రాయి వాళ్లు మళ్లీ పాత చోటే పెట్టుకున్నారు.

గీతలు గీసిన సాయంత్రం గోనెసంచుల మిల్లు గేటు దగ్గర మీటింగు పెట్టారు. పిలిచింది దాలమ్మ మరిది చినబాబు, మిల్లు కార్మికుడు.

"ఎమ్మెల్యే కాడికి ఎల్దాం" అన్నారెవరో.

"ఆ వార్షికోత్సవంలో దండేయించుకున్నది ఆయనే గదేటి" అన్నాడు చినబాబు. నవ్వారు గానీ ఆ నవ్వు నిలవలేదు.

"నాను బస్టాండు కాడికి ఎలిపోతాను" అంది జగ్గమ్మ.

"అక్కడ రాళ్లు లేవేటి? ఎవుల్ని లేపి కూకుంటావు?" అంది దాలమ్మ.

జగ్గమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమె కూతురు సుహాసిని, డిగ్రీ చదివే పిల్ల, కోపంతో లేచింది.

"బుట్టలే గదా తియ్యమన్నాడు. రాళ్లెందుకు తీసారు అత్తా? మనకున్న సాక్ష్యం అదొక్కటే."

దాలమ్మ తల వంచుకుంది. జవాబు ఉంది. ఇక్కడ చెబితే తిడతారని ఊరుకుంది.

"తీసినారు, అయిపోనాది" అన్నాడు చినబాబు. "బళ్ల జాగా ఆడి సెల్లార్లో ఉన్నాది. అది తెరిపించే దాకా మనం లెగం. రాతిరి డ్యూటీ దిగినోళ్లం తిన్నగా అక్కడికే వస్తాం."

మర్నాడు కార్లు వచ్చేసరికి పసుపు గీతల మీద గోనెలు పరిచి ఉన్నాయి. ఆడవాళ్ల వెనక, జుట్టు నిండా జనపనార నూగుతో మిల్లు కార్మికులు కూర్చున్నారు. సుహాసిని కాలేజీ పిల్లల్ని తెచ్చింది. "సెల్లారు తెరవాలి" అన్న అరుపు గోడకు కొట్టుకుని రోడ్డు నిండా పాకింది. సెల్లారు కిటికీ ఊచల్లోంచి పిల్లల మొహాలు పైకి చూస్తున్నాయి. కార్లో కూర్చున్న తండ్రి ఒకాయన అద్దం దించి, "మా వాడికి పరీక్షమ్మా, లెగండి" అని బతిమాలాడు.

"మాకూ అదే బాబూ" అంది జగ్గమ్మ.

పోలీసులు వచ్చారు, వెనకాల ట్రాక్టరు వచ్చింది. మొదటి దెబ్బ చినబాబు తల మీద పడింది. నెత్తురు కంట్లోకి కారుతున్నా, ఈడ్చుకుపోతున్నా, అతను అరుపు ఆపలేదు. కాసేపట్లో బుట్టలు బోర్లా పడ్డాయి. వంకాయలు టైర్ల కింద చితికాయి. రాళ్లు ట్రాక్టర్లోకి ఎత్తబోతుంటే దాలమ్మ అడ్డం పడి తన రాయిని చంకనెత్తుకుంది, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు. అది చూసి జగ్గమ్మ ఎత్తుకుంది. తర్వాత ఒకరు, ఆ తర్వాత అందరూ. ఎవరి రాయితో వాళ్లు పోలీసు వ్యాను ఎక్కారు. బరువుకి వ్యాను కిందకి కుంగింది.

రమేష్‌బాబు వ్యాను తలుపు దగ్గరకొచ్చాడు. చుట్టూ పోలీసులు, తల్లిదండ్రులు, చేతుల్లో ఫోన్లు. అందరికీ వినబడేలా అడిగాడు.

"అంత మీ జాగాయే అయితే, ఆ రోజు రాళ్లెందుకు తీశారు? నేను బుట్టలే కదా తియ్యమన్నాను?"

దాలమ్మ ఒళ్లోని రాయి సర్దుకుంది.

"మీ పిల్లలు పరిగెడతారు గదా బాబూ. కాళ్లకి తగుల్తాయని తీసినాం."