ఇరవై ఎనిమిది సెకన్లు

నేను ఒక స్టాప్‌వాచ్‌ని. బ్యాటరీల సరుకు అనుకునేరు, కాదు. పొద్దున్నే కీ ఇస్తే పూటంతా పరుగెత్తే పాతకాలపు మొండిదాన్ని. పుట్టింది ఏదో చలిదేశపు కార్ఖానాలోనట. నాకు ఊహ తెలిసేసరికి కాకినాడలో ఒక డ్రిల్లు మాస్టారి మెడలో వేలాడుతున్నాను. పరుగుపందెంలో చప్పట్లన్నీ గెలిచినవాడికే, నన్ను ఒక్కరూ మెచ్చుకున్న పాపాన పోలేదు. రిటైరవుతూ మాస్టారు నన్ను తన పాత శిష్యుడు భీమశంకరం గారికి ఇచ్చేశారు.

భీమశంకరం గారు రోడ్ల మీద రాకపోకలు చూసే ఇంజనీరు. కూడలిలో నిలబడి ఏ వైపు బండ్లు ఎంతసేపు ఆగుతున్నాయో నాతో కొలిచి, సిగ్నల్ దీపాలకు సమయం నిర్ణయించేవారు. ఇంట్లోనూ నన్ను వదలలేదు. కూతురు హైమ పదమూడో ఎక్కం ఎన్ని సెకన్లలో అప్పజెప్పిందో, అలిగితే ఎంతసేపటికి నవ్విందో కూడా నేనే చెప్పాలి. మనుషులు భలేవాళ్ళు. అరుగు మీద కబుర్లకు పూటంతా ఇస్తారు, ఎర్రదీపం దగ్గర అరనిమిషం ఆగమంటే ప్రాణం పోతున్నట్టు హారను మోగిస్తారు.

ఒక ఆసుపత్రి ముందు, రోడ్డు దాటేవాళ్ళ కోసం ఆకుపచ్చ మనిషి బొమ్మ దీపం పెట్టే పని ఆయనకు వచ్చింది. తనే పదిసార్లు దాటి చూశారు. పద్నాలుగు సెకన్లు. ఎందుకైనా మంచిదని రెండు కలిపి పదహారు పెట్టించారు. నేను తప్పు చూపించలేదు, ముందే చెబుతున్నాను.

వారం తరవాత భార్య సుభద్రమ్మ గారికి చూపించడానికి తీసుకెళ్ళారు. వాళ్ళుండే వీధిలో మగవాళ్ళు ముందు నడవడం, ఆడవాళ్ళు నాలుగడుగులు వెనక రావడం అలవాటు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళూ ఆయన అలాగే నడిచారు. ఆ రోజూ అంతే. దీపం వెలగగానే నా మీట నొక్కి, చరచరా అవతలికి చేరి, "చూశావా సుభద్రా, ఇంకా రెండు సెకన్లున్నాయి" అంటూ వెనక్కి తిరిగారు.

ఆమె రోడ్డు మధ్యలో ఉన్నారు. మోకాళ్ళ నొప్పితో అడుగు తీసి అడుగు వేస్తుండగానే దీపం మారిపోయింది. ఒక ఆటో ఒరుసుకుపోయింది, ఆమె పడిపోయారు. ఆయన పరుగెత్తుకెళ్ళి లేవదీస్తుంటే, జేబులో నేను టిక్కుటిక్కుమంటూనే ఉన్నాను. నా చప్పుడు మీద నాకే అసహ్యం వేసింది.

విరిగిన మణికట్టుకు కట్టు కట్టించుకుంటూ ఆమె నెమ్మదిగా అన్నారు. "మీరెప్పుడూ ముందే నడుస్తారు కదండీ. నా నడక మీకెలా తెలుస్తుంది?"

ఆయన తల వంచుకున్నారు. కట్టు విప్పాక, ఆమె పక్కనే నడుస్తూ మళ్ళీ కొలిచారు. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది కావాలని పైఅధికారిని అడిగారు.

"అంతసేపు ఆపితే బస్సులు బారులు తీరతాయయ్యా."

"తీరనివ్వండి సార్. నేను నా కాళ్ళని కొలిచాను. దాటేది రోగులండి."

నాలుగు నెలలు తిరిగారు. రావలసిన ప్రమోషన్ ఇంకొకరికి వెళ్ళిపోయింది. చివరికి ఇరవై ఎనిమిది వచ్చింది. ఆ తరవాత ఆయన ఏనాడూ ముందు నడవలేదు. కూరగాయలకైనా, పెళ్ళికైనా ఆమె పక్కనే. వీధిలో నవ్వుకున్నారు. నవ్వుకోనీ అన్నారాయన.

మొన్న కార్తీకంలో, పొద్దున్నే నాకు కీ ఇస్తూ కుర్చీలోనే ఒరిగిపోయారు. కీ సగమే తిరిగింది.

కర్మకాండలయ్యాక సుభద్రమ్మ గారు మోకాళ్ళు చూపించుకోవడానికి హైమతో ఆ ఆసుపత్రికే బయలుదేరారు. నన్ను గుప్పిట్లో పట్టుకున్నారు. రోడ్డు దగ్గర హైమ చెయ్యి అందించబోతే, "వద్దమ్మా, నువ్వు వెనకాల రా" అన్నారు. ఆకుపచ్చ వెలిగింది. ఆమె నా మీట నొక్కారు. కుడిపక్కన ఒక మనిషికి చోటు వదిలి, మెల్లగా నడిచారు. అవతలి గట్టు ఎక్కినా దీపం ఇంకా ఆకుపచ్చగానే ఉంది. వెనక్కి తిరిగి ఖాళీ రోడ్డును చూస్తూ నిలబడ్డారు. ఎరుపు పడింది, బస్సులు కదిలాయి.

"చూశావా హైమా, మీ నాన్న మళ్ళీ ముందే వెళ్ళిపోయారు."

నన్ను ఆపడం ఆమె మరిచిపోయారు. నాలో మిగిలింది ఆయన ఇచ్చిన ఆ సగం కీ ఒక్కటే. దాంతోనే ఆసుపత్రిలోనూ, తిరుగుదారిలోనూ ఆమె గుప్పిట్లో నడిచాను. ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోయాను. ఆమె మళ్ళీ కీ ఇవ్వలేదు.